సందర్భ సహిత వ్యాఖ్య

ఆదివారం ఏడింటికి లాండ్రీలో జనం ఉండరు.
క్వార్టర్‌ని నేనింకా పావలా అనే అంటాను.
పావలా వేస్తే డ్రయ్యర్ ఎనిమిది నిమిషాలు తిరుగుతుంది,
ఎనిమిది నిమిషాల్లో ఒక పేరా, నాలుగు ప్రశ్నలు.
మాకు వేరే గడియారం లేదు.

కొలంబస్‌లో, క్లీవ్‌లాండ్ అవెన్యూ మీద,
ఉప్పు చల్లిన మంచు అద్దం అవతల నల్లబడుతుంటే
హోదన్, నేనూ
ఒక పాత జీఆర్ఈ పుస్తకాన్ని మధ్యలో పెట్టుకుని కూర్చుంటాం.
మా ముందెవరో పెట్టిన పెన్సిల్ టిక్కులు
చెరిపినా కనబడుతూనే ఉంటాయి.
సగం తప్పులే. అదో ధైర్యం.

తను ప్రజారోగ్యం చదవాలి.
నేను, మాట పడిపోయినవాళ్ళకి మళ్ళీ మాట నేర్పే చదువు.
ముందు మాకు మాటలొచ్చని రుజువు చూపించాలట.

లాకోనిక్ అన్న పదానికి మా సూపర్‌వైజర్ మొహం అంటించుకున్నాను.
గార్యులస్ అంటే నాలుగో నంబరు మెషీన్,
బట్టలు పిండేటప్పుడు గది ఈ చివర్నించి ఆ చివరికి
తన కష్టాలు చెప్పుకుంటూ జరుగుతుంది.
ఖాళీలు పూరించడం చిన్నప్పుడే అలవాటు గానీ
ఈ ఖాళీలు వేరు.
"అయినప్పటికీ" దగ్గర వాక్యం మడమ తిప్పుతుంది,
అక్కడ పట్టుకోకపోతే
తప్పు సందులో చాలాదూరం ధీమాగా నడిచేస్తాను.

పేరాలన్నీ ఎక్కణ్ణించో చింపిన ముక్కలు.
రాతి మీద నాచు. గాజు ఊదే పనివాళ్ళు. తిమింగలం చెవిలో గులిమి.
సరిగ్గా మనసు పడేవేళకి అయిపోతాయి.
దీవిలో ఒంటరిగా పన్నెండేళ్ళు వాన కొలిచిన ఆ గుమాస్తా
తర్వాత ఏమయ్యాడు?
అది అడగరు.
మూడో వాక్యం ప్రయోజనం ఏమిటి, అంటారు.

హోదన్ అట్ట మీద పెద్దక్షరాలతో రాసుకున్న నియమం ఒక్కటే:
పేరాలో లేనిది నీకు తెలియదు.

ఇవాళ్టి పేరా కరువు మీద.
తూర్పు ఆఫ్రికా, ఏదో ఏడాది, పేర్లు లేని మనుషులు.
మేత కరువై పశుపాలకులు మందల్ని వదిలేశారు.
ఎందుకు వదిలేశారు? ఐదు జవాబులు.
నేను బీ పెట్టేశాను.
హోదన్ పెన్సిల్ గాల్లో ఉండిపోయింది.
తడుముకునే మనిషి కాదు తను.
డ్రయ్యర్ ఆగింది. ఇంకో పావలా వేశాను.
చివరికి డీ పెట్టింది.
వెనక పేజీలో చూశాం. బీ.

"వదిలెయ్యలేదు" అంది,
నాతో కాదు, మడతపెడుతున్న తువ్వాలుతో.
వాళ్ళ అవ్వ ఆఖరి ఒంటె మెడతాడు విప్పి
నీళ్ళ వాసన నీకు తెలుసు, నాకు తెలీదు, పద, అందట.
నాలుగు రోజులు దాని వెనకాలే నడిచిందట.

"దొరికాయా నీళ్ళు?"

"ఇన్ఫరెన్స్ ప్రశ్న" అంది హోదన్. "నేను పుట్టాను కదా."

టెక్కలిలో మా తెలుగు మాస్టారు సన్యాసయ్య గారు
సుద్దముక్క విరిగేలా బోర్డు మీద కొట్టి చెప్పేవారు:
మాట ఊరికే పుట్టదర్రా.
ఎవరు, ఎవరితో, ఎప్పుడు.
సందర్భం రాయనివాడికి సగం మార్కులు హుళక్కి.

పెన్సిల్ తీసుకుని
తను తప్పు చేసిన డీ పక్కన, మార్జిన్‌లో, తెలుగులో రాశాను.
ఈ వాక్యము హోదన్ అవ్వగారి నోటి నుండి గ్రహింపబడినది.
కరువు కాలమున, దారి తోచని సందర్భమున,
ఒంటెతో పలికినది.

"ఏమిటా గుండ్రాలు?"
"మార్కులు వేశాను."
"ఎన్ని?"

చెప్పేలోపు డ్రయ్యర్ కూత పెట్టింది.
ఒక మేజోడు తక్కువైంది.
ఇద్దరం ఆ వేడి గుహలో తలలు పెట్టి
చాలాసేపు వెతికాం.